లివర్ ఆపరేషన్ తర్వాత కళ్ళు పచ్చబడితే: బిలిరుబిన్ రిపోర్టు ఎలా చదవాలి, దేనికి ఆగకుండా వెళ్ళాలి

లివర్‌లో కొంత భాగం తీసేశాక రెండో రోజో మూడో రోజో కళ్ళు పచ్చబడ్డాయంటే ఇంట్లోవాళ్ళకి గుండె జారిపోతుంది. రిపోర్టులో బిలిరుబిన్ (రక్తంలో ఉండే పసుపు పదార్థం) 3 అనో 4 అనో ఉంటుంది, రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు "తగ్గుతుందిలెండి, చూద్దాం" అని వెళ్ళిపోతారు, ఆ మాట పట్టుకుని రాత్రంతా టెన్షన్ పడతారు. చాలామందిలో నిజంగానే తగ్గుతుంది. కొందరిలో తగ్గదు, వాళ్ళని ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు. ఎవరు ఏ కోవలో ఉన్నారో ఒక్క అంకె చూసి చెప్పలేం. ఆ అంకె ఆపరేషన్ అయిన ఎన్నో రోజుది, నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా, అందులో డైరెక్ట్ (లివర్ నీళ్ళలో కరిగేలా మార్చిన భాగం) ఎంత, పక్కన ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) ఎంత, మనిషి మాట్లాడుతున్నాడా మగతగా ఉన్నాడా, ఇవన్నీ కలిపి చూడాలి. అలా చూడటం డాక్టర్లకే కాదు, పక్కన కూర్చుని కనిపెట్టుకునేవాళ్ళకీ వస్తుంది. వైద్యం నిర్ణయాలు డాక్టర్లవే, కానీ సరైన సమయానికి సరైన ప్రశ్న అడిగే మనిషి పక్కన ఉంటే పేషెంటుకి చాలా తేడా పడుతుంది.

ఈ పసుపు ఎక్కడిది

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ముసలిదైన కణాన్ని ప్లీహం విరిచేస్తుంది, లోపలున్న హీమ్ అనే పదార్థం ముందు ఆకుపచ్చ రంగు బిలివెర్డిన్‌గా, తర్వాత పసుపు రంగు బిలిరుబిన్‌గా మారుతుంది. పెద్దవాళ్ళలో రోజుకి ఇంచుమించు 250 నుంచి 300 మిల్లీగ్రాముల బిలిరుబిన్ ఇలా తయారవుతూనే ఉంటుంది. లివర్ సగం తీసేసినా ఈ ఉత్పత్తి ఆగదు, తగ్గదు. పని అంతే ఉంది, చేసే కణాలు తగ్గాయి. మొదటి కొన్ని రోజుల పచ్చదనానికి ముఖ్యమైన కారణం ఇదే.

కొత్తగా తయారైన బిలిరుబిన్ నీళ్ళలో కరగదు కాబట్టి ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని రక్తంలో లివర్ దాకా వస్తుంది. దీన్నే రిపోర్టులో ఇన్‌డైరెక్ట్ అంటారు. లివర్ కణం దాన్ని లోపలికి తీసుకుని, గ్లూకురోనిక్ ఆమ్లం జోడించి, నీళ్ళలో కరిగేలా చేస్తుంది. అప్పుడది డైరెక్ట్ బిలిరుబిన్. ఆ తర్వాత దాన్ని సన్నని పైత్యనాళాల్లోకి (లివర్ తయారుచేసే పైత్యరసం పారే గొట్టాల్లోకి) నెట్టాలి. అక్కణ్ణుంచి పేగుల్లోకి వెళ్ళి, అక్కడి బ్యాక్టీరియా చేతిలో మారి, మలానికి గోధుమ రంగు ఇస్తుంది.

ఇందులో అన్నిటికంటే కష్టమైన మెట్టు చివరిది, కణం లోపలినుంచి పైత్యంలోకి నెట్టడం. ఆ పని చేసేది కణం గోడలో ఉండే ఎంఆర్‌పీ2 అనే ఒక పంపు. లివర్‌కి దెబ్బ తగిలినా, శరీరంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఈ పంపు నెమ్మదిస్తుంది. అందుకే ఆపరేషన్ తర్వాత మిగిలిన లివర్ బిలిరుబిన్‌ని కరిగే రూపంలోకి మార్చగలిగినా బయటికి నెట్టలేక, తయారైన డైరెక్ట్ బిలిరుబిన్ తిరిగి రక్తంలోకే వస్తుంది. నాళాల్లో ఏ అడ్డమూ లేకపోయినా రిపోర్టులో డైరెక్ట్ ఎక్కువగా కనిపించడానికి కారణం ఇది. డైరెక్ట్ పెరిగింది కాబట్టి లోపల ఎక్కడో నాళం మూసుకుపోయిందని వెంటనే అనుకోకండి. మూసుకుపోలేదని తేల్చుకోవడానికి స్కాన్ ఉంది.

రిపోర్టు చేతికొచ్చాక

ముందు యూనిట్ చూడండి. కొన్ని ల్యాబులు డెసిలీటర్‌కి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని లీటర్‌కి మైక్రోమోల్స్‌లో. 1 మిల్లీగ్రాము అంటే సుమారు 17 మైక్రోమోల్స్. ఒక ల్యాబులో 3, ఇంకో ల్యాబులో 51 వస్తే రెండూ ఒకటే. నేను ఇక్కడ రాసే అంకెలన్నీ మిల్లీగ్రాముల్లోనే. మామూలు మొత్తం సుమారు 1.2 లోపు. కంటి తెల్లగుడ్డు పచ్చబడినట్టు కనిపించాలంటే 2, 3 దాటాలి, కాబట్టి కళ్ళు తెల్లగా ఉన్నంత మాత్రాన అంకె మామూలుగా ఉందని కాదు.

తర్వాత మొత్తంలో డైరెక్ట్ వాటా. మొత్తం 4 ఉండి డైరెక్ట్ 0.6 మాత్రమే ఉంటే లివర్‌కి వచ్చే సరుకు ఎక్కువైందన్నమాట: రక్తం ఎక్కించారు, లేదా కడుపులో గడ్డకట్టిన రక్తం కరుగుతోంది, లేదా ఎర్రకణాలు ఎక్కువగా విరుగుతున్నాయి. పుట్టుకతోనే గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో కూడా ఇలాగే ఉంటుంది, ఉపవాసానికీ ఆపరేషన్ ఒత్తిడికీ వాళ్ళ ఇన్‌డైరెక్ట్ పెరుగుతుంది, అది ప్రమాదం కాదు. పాత రిపోర్టుల్లో ఎప్పుడైనా బిలిరుబిన్ కాస్త ఎక్కువగా ఉండేదా అని వెతకండి, ఉంటే ఆ కాగితం డాక్టరుకి చూపించండి. అదే మొత్తం 4లో డైరెక్ట్ 3 ఉంటే సమస్య లివర్ కణంలోనో, దాని తర్వాతి దారిలోనో ఉంది.

ఆ రెండింటిలో ఏది అన్నది బిలిరుబిన్ ఒక్కటే చెప్పదు. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ మొదటి ఒకటి రెండు రోజులు వందల్లోకి వెళ్ళి ఆ తర్వాత దిగిపోవడం మామూలు, లివర్‌ని కోశారు, కాసేపు రక్తం ఆపి ఉంటారు, కొన్ని కణాలు దెబ్బతింటాయి. దిగినవి మళ్ళీ పైకి లేస్తే మాత్రం రక్తనాళాల్లో ఏదైనా జరిగిందా అని డాప్లర్ స్కాన్ చేస్తారు. ఏఎల్‌పీ, జీజీటీ పైత్యనాళాల వైపు చూపించే పరీక్షలు, కానీ లివర్ తిరిగి పెరిగేటప్పుడు కూడా ఇవి కొంత పెరుగుతాయి కాబట్టి ఒంటరిగా వీటిని చూసి భయపడక్కర్లేదు.

నన్నడిగితే బిలిరుబిన్ పక్కన తప్పనిసరిగా చూడాల్సింది ఐఎన్ఆర్. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లు లివర్లోనే తయారవుతాయి, వాటిలో ఒకటైతే గంటల్లోనే ఖర్చయిపోతుంది, అందుకే లివర్ ఈ రోజు పని చేస్తోందా లేదా అన్నది ఐఎన్ఆర్‌లో త్వరగా తెలుస్తుంది. ఆల్బుమిన్ అలా కాదు, దాని సగం తరగడానికే ఇంచుమించు మూడు వారాలు పడుతుంది. బిలిరుబిన్ కాస్త ఎక్కువున్నా ఐఎన్ఆర్ రోజురోజుకీ 1 వైపు వస్తోందంటే అది మంచి వార్త. ఒక జాగ్రత్త: ప్లాస్మా (గడ్డకట్టే ప్రొటీన్లుండే రక్తంలోని ద్రవభాగం) ఎక్కిస్తే ఐఎన్ఆర్ తాత్కాలికంగా బాగుపడినట్టు కనిపిస్తుంది, కాబట్టి ఆ రోజు ప్లాస్మా ఇచ్చారా అని అడిగి పక్కన రాసుకోండి. ఇంకొకటి, పైత్యం పేగుల్లోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, దానివల్ల కూడా ఐఎన్ఆర్ పెరుగుతుంది. అలాంటప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ ఇస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. లివర్ కణాలే అలసిపోతే ఇంజెక్షన్‌కి పెద్దగా తగ్గదు.

ఎన్నో రోజు అన్నదే అసలు లెక్క

ఆపరేషన్ రోజుని సున్నాగా రాసుకుని అక్కణ్ణుంచి లెక్కపెట్టండి. పెద్ద భాగం తీసినవాళ్ళలో మొదటి మూడు రోజుల్లో బిలిరుబిన్ పెరగడం సాధారణం. బంధువుకి లివర్ దానం చేసిన పూర్తి ఆరోగ్యవంతుల్లో కూడా ఇది పెరుగుతుంది, మామూలుగా వారం పది రోజుల్లో దిగిపోతుంది. కాబట్టి రెండో రోజు 4 ఉందంటే ఆ అంకెకి పెద్ద అర్థం లేదు, అయిదో రోజు కూడా 4 ఉండి ఐఎన్ఆర్ దిగకపోతే అర్థం ఉంది.

అయిదో రోజుకి ఇంత ప్రాధాన్యం ఊరికే రాలేదు. 2005లో ఫ్రాన్స్ సర్జన్లు ప్రచురించిన 50-50 నియమం ప్రకారం అయిదో రోజున ప్రోత్రాంబిన్ (రక్తం గడ్డకట్టే శక్తిని శాతంలో చెప్పే పరీక్ష) 50 శాతం కంటే తక్కువ, అంటే ఐఎన్ఆర్ సుమారు 1.7 పైన ఉండి, బిలిరుబిన్ 50 మైక్రోమోల్స్, అంటే దాదాపు 3 మిల్లీగ్రాములు దాటితే ప్రాణాపాయం బాగా ఎక్కువ. రెండూ కలిసి ఉండాలి, ఒక్కటే ఉంటే ఈ నియమం వర్తించదు. 2007లో అమెరికా నుంచి వచ్చిన ఇంకో పరిశీలనలో గరిష్ఠంగా 7 దాటడం చెడు సూచన అని తేలింది. 2011లో అంతర్జాతీయ సర్జన్ల బృందం ఒకటి, అయిదో రోజున గానీ ఆ తర్వాత గానీ బిలిరుబిన్, ఐఎన్ఆర్ రెండూ మామూలు కంటే ఎక్కువగా ఉంటే దాన్ని ఆపరేషన్ తర్వాతి లివర్ ఫెయిల్యూర్‌గా లెక్కించాలని నిర్వచించింది. ఆ పేరు వినగానే నీరుకారిపోకండి, అందులో మూడు స్థాయిలున్నాయి, మొదటి స్థాయిలో చికిత్సేమీ మార్చకుండా గమనిస్తూ ఉంటే సరిపోతుంది.

ఎంత లివర్ మిగిల్చారన్నది కూడా అడిగి తెలుసుకోండి. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే 20 నుంచి 25 శాతం మిగిలినా నిలబడగలదు, ఎక్కువ కీమోథెరపీ తీసుకున్న లివర్‌కి దాదాపు 30, సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) ఉంటే 40 శాతం ఉండాలని సర్జన్లు చూస్తారు. ఆపరేషన్‌కి ముందే కామెర్లు ఉన్నవాళ్ళ సంగతి వేరు. పైత్యనాళంలో కణితి ఉండి నెలల తరబడి పైత్యం నిలిచిపోయిన లివర్ అందరిలాగా త్వరగా కోలుకోదు, అలాంటివాళ్ళ గ్రాఫ్‌ని పక్క బెడ్ పేషెంటు గ్రాఫ్‌తో పోల్చవద్దు.

దిగాల్సినది దిగకపోతే

డాక్టర్లు ఏం వెతుకుతున్నారో తెలిస్తే పరీక్షల మీద పరీక్షలు ఎందుకు రాస్తున్నారో అర్థమవుతుంది.

మొదట అనుమానించేది పైత్యం లీకు. కోసిన చోటునుంచి పైత్యం కడుపులోకి కారితే పొట్ట లోపలి పొర దాన్ని పీల్చుకుని మళ్ళీ రక్తంలోకే పంపుతుంది, బిలిరుబిన్ పెరుగుతుంది. డ్రెయిన్ పైపు (కడుపులోని నీరు బయటి బ్యాగులోకి తీసే గొట్టం) ఉంటే తేల్చుకోవడం తేలిక: మూడో రోజున గానీ తర్వాత గానీ డ్రెయిన్ నీళ్ళలో బిలిరుబిన్ రక్తంలో ఉన్నదానికి మూడు రెట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే లీకు అంటారు. కాబట్టి డ్రెయిన్ బ్యాగులో రంగు రోజూ చూడండి. మొదట ఎర్రగా, తర్వాత పల్చగా, లేత పసుపు నీళ్ళలా మారాలి. ముదురు పసుపుగానో, ఆకుపచ్చగానో, బంకగానో ఉంటే నర్సుకి వెంటనే చెప్పండి. చాలా లీకులు డ్రెయిన్ ఉంచి ఓపిక పడితే వాటంతటవే మూసుకుంటాయి, కొన్నింటికి ఎండోస్కోపీతో పైత్యనాళంలో స్టెంట్ (సన్నని గొట్టం) వేస్తారు, అందరికీ మళ్ళీ కడుపు కోయక్కర్లేదు.

రెండోది ఇన్‌ఫెక్షన్. పైన చెప్పిన పంపుని ఇన్‌ఫెక్షన్ నెమ్మదింపజేస్తుంది కదా, అందువల్ల దిగుతున్న బిలిరుబిన్ ఉన్నట్టుండి మళ్ళీ పైకి తిరిగితే కడుపులో చీము ఉందా, ఊపిరితిత్తుల్లో ఏమైనా ఉందా, సిరలో లైన్ (సెలైన్ గొట్టం) వేసిన చోట ఇన్‌ఫెక్షన్ ఉందా అని వెతుకుతారు. ఒక్కోసారి జ్వరం కంటే ముందు ఈ అంకే చెబుతుంది.

ఇక మిగిలినవి: పైత్యనాళం ఇరుకవడం లేదా రాయి, రక్తపు గడ్డ అడ్డుపడటం, పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చేది) లేదా లివర్ ధమని మూసుకుపోవడం, ఏదో ఒక మందు పడకపోవడం. రక్తం ఎక్కించిన సంగతి చాలామంది మర్చిపోతారు. నిల్వ ఉన్న రక్తంలో కొంత భాగం కణాలు ఎక్కించిన మొదటి రోజులోనే విరిగిపోతాయి, మామూలు లివర్ ఆ అదనపు బిలిరుబిన్‌ని తేలిగ్గా సర్దేస్తుంది, సగం లివర్‌కి అది బరువే. లివర్ మార్పిడి అయినవాళ్ళలో వీటికి తోడు రిజెక్షన్ (కొత్త లివర్‌ని శరీరం తిరస్కరించడం) అన్న ప్రశ్న కూడా ఉంటుంది, దాన్ని తేల్చడానికి చిన్న ముక్క తీసి పరీక్షించాల్సి రావచ్చు.

ఇంటికొచ్చాక రోజూ చూడాల్సినవి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఆపరేషన్ నుంచి ఎన్నో రోజు, బిలిరుబిన్ మొత్తం, డైరెక్ట్, ఐఎన్ఆర్, జ్వరం, బరువు, మూత్రం రంగు, మలం రంగు. అంతే, ఒక్కో రోజుకి ఒక్క లైను. ఫోన్‌లో ఫొటోల గుట్టలో రిపోర్టులు వెతికే బదులు ఈ ఒక్క పేజీ చూపిస్తే డాక్టరుకి అర నిమిషంలో కథంతా తెలుస్తుంది. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.

కళ్ళు పగటి వెలుతురులో చూడండి, కిటికీ దగ్గర నిలబెట్టి కింది రెప్ప లాగి తెల్లగుడ్డు చూడాలి. పసుపు బల్బు కింద అందరి కళ్ళూ పచ్చగానే ఉంటాయి. అరచేతులు మాత్రమే పచ్చగా ఉండి కళ్ళు తెల్లగా ఉంటే అది కామెర్లు కాకపోవచ్చు, క్యారట్‌లాంటివి ఎక్కువ తిన్నా అలా అవుతుంది.

మూత్రంలోకి వెళ్ళేది నీళ్ళలో కరిగే డైరెక్ట్ బిలిరుబిన్ మాత్రమే. అందుకే ముదురు టీ డికాక్షన్ రంగులో వస్తోందంటే రక్తంలో డైరెక్ట్ ఎక్కువగా ఉందని అనుకోవాలి. పొద్దున మొదటిసారి వచ్చేది ఎప్పుడూ కాస్త ముదురుగానే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం, సరిపడా నీళ్ళు తాగాక వచ్చింది చూడండి. బి కాంప్లెక్స్ మాత్రలు మెరిసే పసుపు, రిఫాంపిసిన్ నారింజ రంగు ఇస్తాయి, అవి వాడుతుంటే గుర్తుంచుకోండి. మలం తెల్లగా, సుద్దలా వస్తోందంటే పైత్యం పేగుల్లోకి చేరట్లేదు. పైత్యమంతా బయటి పైపులోంచి బ్యాగులోకి పోతున్నవాళ్ళలో కూడా మలం తెల్లబడుతుంది, అది ఊహించిందే, అయినా చెప్పండి.

ఇక మనిషి. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఏ మిషనూ ఇంట్లోవాళ్ళంత బాగా దీన్ని పట్టలేదు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, మాట తడబడటం, తారీఖు చెప్పలేకపోవడం, సంతకం వంకరపోవడం, చేతులు చాచి మణికట్టు పైకి వంచమంటే చేతులు రెక్కల్లా టపటపమనడం, ఇవి లివర్ తొలగించలేకపోయిన విషాలు మెదడుకి చేరుతున్న సంకేతాలు. రోజూ నోట్‌బుక్‌లో పేషెంటు చేతే ఒక వాక్యం రాయించండి, మార్పు ఉంటే అక్కడే కనిపిస్తుంది.

తెల్లారేదాకా ఆగకూడనివి

చలి, వణుకుతో జ్వరం, దానికి తోడు కామెర్లు పెరగడం, కుడి పక్కటెముకల కింద నొప్పి. ఈ మూడూ కలిస్తే పైత్యనాళాల్లో ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు, గంటల్లో ముదురుతుంది. మూడూ వచ్చేదాకా చూడకండి, వణుకు జ్వరం ఒక్కటి చాలు బయల్దేరడానికి. అలాగే మగత, తికమక మాటలు. రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం (ఐరన్ మాత్రల వల్ల కూడా నల్లబడుతుంది, కానీ ఆ తేడా ఇంట్లో తేల్చుకోవాలని చూడకండి). పొట్ట ఉబ్బిపోయి బిగదీసుకుపోవడం. మూత్రం బాగా తగ్గిపోవడం. గాయంలోంచి ఆకుపచ్చటి నీరు. ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేయండి, అందకపోతే దగ్గరున్న ఎమర్జెన్సీకి వెళ్ళి "లివర్ ఆపరేషన్ అయింది, ఇన్నో రోజు" అన్న మాట ముందు చెప్పండి.

తిండి, మందులు, దురద

కామెర్లు అనగానే కడుపు మాడ్చేయడం మానండి. లివర్ తిరిగి పెరుగుతోంది, దానికి ప్రొటీన్ కావాలి, సాధారణంగా కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు ఇవ్వమంటారు. పైగా తిండి మానేస్తే ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ ఇంకా పెరుగుతుంది. ఒకేసారి పెట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదైనా పెట్టండి. పైత్యం సరిగా రానప్పుడు ఎక్కువ నూనె అరగదు, జిడ్డుగా విరేచనం అవుతుంది, అప్పుడు నూనె తగ్గిస్తే చాలు.

మందుల విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటే: మూలికా మందులు, "లివర్ టానిక్కులు" ఏవీ సొంతంగా మొదలుపెట్టకండి. ఎంత నమ్మకంగా ఎవరు చెప్పినా సరే. కోలుకుంటున్న లివర్‌కి ఏది పడదో ముందే తెలియదు, ఒకవేళ బిలిరుబిన్ పెరిగితే కారణం ఆపరేషనా మందా అన్నది ఎవరూ తేల్చలేరు. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లాంటివి కిడ్నీలకి, రక్తస్రావానికి ప్రమాదం. పారాసెటమాల్ వాడొచ్చు కానీ రోజుకి ఎంత వరకు అన్నది మీ డాక్టరు చెప్పిన లెక్కే, జలుబు మాత్రల్లో కూడా అది కలిసి ఉంటుందని చూసుకోండి. మద్యం అసలు వద్దు. ఎండలో కూర్చోబెడితే పచ్చదనం పోతుందన్నది పసిపిల్లల కామెర్లకి చేసే లైటు చికిత్స నుంచి వచ్చిన అపోహ, డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగిన పెద్దవాళ్ళలో దానివల్ల లాభం లేదు.

దురద పైత్యం ఆగిపోవడం వల్ల వస్తుంది, బిలిరుబిన్ అంకెతో సమానంగా పెరగదు, తక్కువ అంకెలో కూడా నిద్ర పట్టనంత ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్ళ స్నానం, వదులు నూలు బట్టలు, గోళ్ళు కత్తిరించడం, ఒంటికి మాయిశ్చరైజర్ కొంత పనిచేస్తాయి. చాలకపోతే కొలెస్టైరమైన్ పొడి రాస్తారు, అది మిగతా మందుల్ని కూడా పట్టేసుకుంటుంది కాబట్టి వేరే మాత్రలు దానికి గంట ముందైనా, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి.

అడ్డు తొలగినా పచ్చదనం ఎందుకు వదలదు

స్టెంట్ వేశారు, మూత్రం తేటపడింది, ఆకలి వచ్చింది, కానీ కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి. వారం దాటినా అంకె 3 దగ్గరే నత్తనడక నడుస్తోంది. డైరెక్ట్ బిలిరుబిన్ చాలా రోజులు రక్తంలో ఉండిపోతే అందులో కొంత ఆల్బుమిన్‌కి విడదీయలేనట్టు అతుక్కుపోతుంది. దాన్ని డెల్టా బిలిరుబిన్ అంటారు. ఆ ఆల్బుమిన్ అరిగిపోయేదాకా అది పోదు, పైన చెప్పినట్టు దాని సగం తరగడానికే మూడు వారాల దాకా పడుతుంది. అది మూత్రంలోకి రాదు, మామూలు పరీక్షలో డైరెక్ట్ కిందే లెక్కకొస్తుంది. కాబట్టి మూత్రం తేటగా, మలం గోధుమ రంగులో, ఐఎన్ఆర్ మామూలుగా, జ్వరం లేకుండా ఉండి కళ్ళు మాత్రమే పచ్చగా ఉంటే, వారం వారం అంకె కొద్దిగానైనా దిగుతోందేమో చూసుకుంటే చాలు, రోజూ రక్తం తీయించక్కర్లేదు. తేటపడ్డ మూత్రం మళ్ళీ ముదురైతే మాత్రం ఆ లెక్క మారిపోతుంది, ఆ రోజే ఫోన్ చేయండి.

పైత్యనాళం ఇరుకవడం నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత కూడా మొదలవ్వొచ్చు, ముఖ్యంగా నాళాన్ని పేగుకి కలిపి కుట్టినవాళ్ళలోనూ లివర్ మార్పిడి అయినవాళ్ళలోనూ. అప్పుడు మొదట పెరిగేది తరచుగా బిలిరుబిన్ కాదు, ఏఎల్‌పీ, జీజీటీ. అందుకే కళ్ళు తెల్లబడ్డాక కూడా చెకప్‌లో ఎల్ఎఫ్‌టీ (లివర్ పరీక్షలన్నీ కలిపినది) పూర్తిగా రాయించుకోండి, ఒక్క బిలిరుబిన్‌తో సరిపెట్టకండి.